ఎనిమిదో తరగతి పాప రాత్రంతా ఫాంటసీ నవలలే చదువుతోంది. ఆపాలా, నేనూ చదవాలా?

మువ్వలసవ్వడి (రాజమండ్రి)
శనివారం రాత్రి 11:10

అందరికీ నమస్కారం. మీరు రాసినవి చదువుకుని వెళ్ళిపోవడమే తప్ప ఇక్కడ నేను రాయడం ఇదే మొదటిసారి.

మా పాపకి 13 ఏళ్ళు, ఎనిమిదో తరగతి. వేసవి సెలవులకి మా ఆడపడుచు కూతురు బెంగళూరు నుంచి వచ్చి, తను చదివేసిన పెర్సీ జాక్సన్ (గ్రీకు దేవతల కథల మీద అల్లిన ఇంగ్లీషు ఫాంటసీ) పుస్తకాలు మొదటి ఐదూ దీనికి ఇచ్చి వెళ్ళింది. అప్పటినుంచి ఇంట్లో ఇంకో మాట లేదు. అన్నం తింటూ అదే, జడ వేయించుకుంటూ అదే. మొన్న రాత్రి ఒంటిగంటకి మంచినీళ్ళకని లేస్తే వంటింట్లో లైటు వెలుగుతోంది. ఫ్రిజ్ పక్కన, బియ్యం డబ్బాకి ఆనుకుని కింద కూర్చుని చదువుతోంది. "ఇంకా 11 పేజీలే అమ్మా" అంది. తిట్టబోయి దాని మొహం చూసి ఆగిపోయాను. కళ్ళనిండా నీళ్ళు. ఎవరో చనిపోయారట. ఎవరే అంటే, "నీకు తెలీదులే" అంది.

ఆ "నీకు తెలీదులే" అన్నమాట నన్ను నిద్రపోనివ్వలేదండి.

లెక్కల్లో 25కి 22 తెచ్చుకునేది, ఈసారి 16. మా అత్తయ్యగారేమో ఆడపిల్లకి ఈ రాక్షసుల పుస్తకాలెందుకు, రాత్రుళ్ళు జడుసుకుంటుంది అంటున్నారు. మావారు చదవనీ, ఇంగ్లీషు వస్తుంది అంటున్నారు. నాకు మాత్రం ఇంగ్లీషు కోసం ఎవరూ వంటింట్లో కూర్చుని ఏడవరనిపిస్తోంది. నేనూ ఒక పుస్తకం తెరిచాను. పది పేజీలు దాటలేకపోయాను. ఆ గ్రీకు పేర్లు నోరు తిరగవు.

ఆపాలా? ఆపకపోతే తర్వాత ఏమివ్వాలి? నేను ఎక్కడ మొదలుపెడితే దానితో మాట్లాడగలను?


అటకమీదిపెట్టె (తెనాలి)
ఆదివారం ఉదయం 6:25

అమ్మా, నాకు 58 ఏళ్ళు. మీ పాప చేస్తున్నదే నేను మా పెదనాన్నగారి ఇంట్లో చేశాను. ఆయన పాత చందమామల్లోంచి సీరియల్ పేజీలు విడిగా తీసి, వరసగా పేర్చి, కుట్టి బైండు చేయించేవారు. రాతిరథం ఒక బైండు, శిథిలాలయం ఒక బైండు. అట్ట లోపలివైపు ఆయన చేతిరాతతో ఏ నెల నుంచి ఏ నెల దాకా అని ఉండేది. శిఖిముఖీ విక్రమకేసరీ అడవిలో దారి తప్పితే, నేను మధ్యాహ్నం అన్నం మాటే మరిచిపోయేవాణ్ణి. చిత్రా గారి బొమ్మల్లో ఆ మాంత్రికుల కళ్ళు చూసి రాత్రి దొడ్లోకి ఒంటరిగా వెళ్ళడానికి భయపడ్డానన్న మాట నిజమే. ఆ భయం నాకేమీ చెరుపు చేయలేదు. ఇప్పటికీ ఆ బైండ్లు మా అటక మీద ఉన్నాయి, అందుకే ఈ పేరు పెట్టుకున్నాను.

చందమామ 1947 జూలైలో మొదలైంది. దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్కతో 1954లో ఈ జానపద సీరియళ్ళు మొదలయ్యాయి. ఆయనవే పన్నెండు వచ్చాయి అందులో. అంటే తెలుగు పిల్లలకి ఫాంటసీ కొత్తేమీ కాదు. అంతకుముందు మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు ఉన్నాయి. మణిసిద్ధుడు కాశీకి నడిచి వెళ్తూ మజిలీ మజిలీకీ గోపకుమారుడికి కథ చెబుతాడు. పాతాళభైరవి సినిమాకి మూలం అక్కడే ఉంది.

నా బాధ వేరే. చందమామ దాటాక నాకు 13 ఏళ్ళకి ఏం దొరికింది? ఏమీ లేదు. అద్దె పుస్తకాల షాపుకి పోతే డిటెక్టివ్ నవలలు, వారపత్రిక తీస్తే చేతబడి సీరియళ్ళు. రెండూ పెద్దవాళ్ళకి రాసినవే. పదేళ్ళ పిల్లాడి కథకీ పాతికేళ్ళ వాడి కథకీ మధ్య మాకు వంతెన లేదు. మేం దూకాం, కొందరు పడ్డారు కూడా. మీ అమ్మాయికి ఆ వంతెన దొరికింది. దయచేసి తీసేయకండి.


నిక్కచ్చి (హైదరాబాద్)
ఆదివారం ఉదయం 9:02

పెద్దాయన మాట మీద గౌరవంతోనే చెబుతున్నాను, నేను ఒప్పుకోను.

మావాడు ఆరో తరగతిలో హ్యారీ పాటర్‌తో మొదలుపెట్టాడు. ఇప్పుడు పదో తరగతి. ఈ నాలుగేళ్ళలో ఫాంటసీ తప్ప ఇంకో రకం పుస్తకం ముట్టలేదు. తెలుగు వాచకం అంటే మొహం చిట్లిస్తాడు. వాళ్ళ తాతగారి ఊరు వెళ్తే చెరువు చూడడు, పొలం చూడడు, మంచం మీద పడుకుని ఎవరిదో లేని దేశం మ్యాపు చూస్తుంటాడు. లేని నదుల పేర్లన్నీ చెబుతాడు. మూసీ ఎక్కడ పుడుతుందో అడిగితే తెలీదు.

ఇంకో సంగతి. పోయిన నెల వాడి బ్యాగులో ఒక పుస్తకం కనిపించింది. అట్ట మీద కిరీటం, కత్తి, పూలతీగ. టీనేజ్ పుస్తకాల అరలో కొన్నదే. మధ్యలో తెరిస్తే పడకగది సన్నివేశం, పెద్దవాళ్ళ నవలలో కూడా అంత వివరంగా ఉండదు. అరమీద రాసిన మాట నమ్మి మోసపోయాను. కాబట్టి మువ్వలసవ్వడి గారూ, చదవనివ్వండి అని చెప్పేవాళ్ళంతా ఏం చదవనివ్వాలో కూడా చెప్పాలి.


నీడవెంట (విశాఖపట్నం)
ఆదివారం మధ్యాహ్నం 12:40

నిక్కచ్చి గారు లేవనెత్తిన రెండో విషయం చాలా ముఖ్యమైంది, ముందు దానికే జవాబు చెబుతాను.

ప్రచురణకర్తలు వీటిని రెండుమూడు మెట్లుగా విడదీస్తారు. 8 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకి మిడిల్ గ్రేడ్. 12 నుంచి 18 వరకు యంగ్ అడల్ట్. పెర్సీ జాక్సన్, హ్యారీ పాటర్ మొదటి భాగాలు మొదటి మెట్టు. చిక్కంతా రెండో మెట్టులో ఉంది. 12 ఏళ్ళకీ 18 ఏళ్ళకీ మధ్య ఒక జీవితం తేడా ఉంటుంది, అరమీద మాత్రం ఒకటే బోర్డు. దానిపైన పెద్దవాళ్ళ రొమాంటిక్ ఫాంటసీ ఉంది, అదీ చాలా షాపుల్లో ఇదే అరలోకి వచ్చేస్తోంది. 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' మొదట టీనేజ్ పుస్తకంగానే అమ్ముడైంది, తర్వాత అట్ట మార్చి పెద్దవాళ్ళ అరకి పంపారు. అట్ట చూసి కనిపెట్టడం తండ్రికి సాధ్యం కాదు, అందులో మీ తప్పు లేదు. నేను మా అక్క పిల్లలకి కొనేముందు మధ్యలో ఒక అధ్యాయం, చివర్లో ఒక అధ్యాయం చదువుతాను. మొదటి అధ్యాయం ఎప్పుడూ బుద్ధిగానే ఉంటుంది.

ఇక మువ్వలసవ్వడి గారూ, మీరెక్కడ మొదలుపెట్టాలో నాకు ఒకే జవాబు ఉంది. ఉర్సులా లె గ్విన్ రాసిన 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. 1968లో వచ్చింది. చిన్న పుస్తకం, రెండు వందల పేజీలకి అటూ ఇటూ.

ఇది పుట్టిన తీరు నాకు చాలా ఇష్టం. కాలిఫోర్నియాలో ఒక చిన్న ప్రచురణకర్త టీనేజ్ పిల్లలకి ఏదైనా రాయమని ఆవిడని అడిగాడు. ఆవిడ ముందు కంగారుపడింది. తర్వాత ఒక ఆలోచన వచ్చింది: కథల్లో మాంత్రికులు ఎప్పుడూ తెల్లగడ్డం ముసలివాళ్ళే కదా, వాళ్ళు కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు ఎలా ఉండేవారు? ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నారు? మన నేపాళ మాంత్రికుడి చిన్నతనం గురించి మనమెప్పుడైనా అడిగామా? ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నలోంచి మాంత్రికుల బడి వచ్చింది, హ్యారీ పాటర్ మొదటి పుస్తకానికి (1997) దాదాపు ముప్ఫై ఏళ్ళ ముందు.

కథ ఎక్కువ చెప్పను. గెడ్ అని ఒక కుర్రాడు, మేకలు కాసే పిల్లాడు, రాగిరంగు ఒళ్ళు. ఎర్త్‌సీ అనే ఆ ఊహాలోకంలో చాలామంది నలుపో గోధుమరంగో ఉంటారు. ఆ రోజుల్లో ఇలాంటి పుస్తకాల్లో అది చాలా అరుదు. చాలా తెలివైనవాడు, అంతకుమించి పొగరు. బడిలో ఇంకో కుర్రాడు ఎగతాళి చేశాడని, తన గొప్ప చూపించాలని, ఒక రాత్రి కొండ మీద చనిపోయినవాళ్ళని పిలిచే మంత్రం వేస్తాడు. పిలిచిన ఆత్మ ఒక్కటే రాలేదు. చీకట్లో చిన్న చీలిక పడి, అందులోంచి నల్లటి నీడలాంటిది ఒకటి దూకి వాడి మొహం చీరేస్తుంది. ఆ చీలికని మూయడానికి బడి పెద్ద తన ప్రాణం పెడతాడు. వాడు బతుకుతాడు, మొహం మీద మచ్చలతో, మాట సరిగ్గా రాకుండా. తర్వాత పుస్తకమంతా ఆ నీడ వాణ్ణి తరమడం, ఒకచోట వాడు తిరిగి నిలబడి నీడని తరమడం.

నేను దీన్ని 14 ఏళ్ళకి చదివాను. ఆ ఏడాది నేను నోరు జారి ఒక స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాను. అది ఎవరికీ చెప్పుకోలేదు. ఆ కొండ మీద సంగతి చదువుతుంటే పుస్తకం నాతోనే మాట్లాడుతున్నట్టు అనిపించింది. పిల్లలు వీటిలోకి పారిపోతారంటారు. నేను పారిపోలేదు, నేను చేసిన పని నాకు అక్కడే కనబడింది.


బడిగంట (నల్గొండ జిల్లా)
ఆదివారం రాత్రి 8:15

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. నీడవెంట గారు ఎర్త్‌సీ పేరు ఎత్తారు కాబట్టి మా తొమ్మిదో తరగతిలో జరిగింది చెప్పాలి. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా పిల్లలకి ఇంగ్లీషు నవల చేతికిస్తే చదవలేరు. అందుకని శనివారం చివరి పీరియడ్ నేనే ఒక పేరా ఇంగ్లీషులో చదివి, దాన్నే తెలుగులో చెప్పేవాణ్ణి. ఎర్త్‌సీలో మంత్రమంటే పేరే. ప్రతి వస్తువుకీ పాతకాలపు అసలు పేరు ఒకటుంటుంది, అది తెలిస్తే దానిమీద అధికారం వస్తుంది. అందుకే మనుషులు అసలు పేరు దాచుకుని పైపేరుతో తిరుగుతారు. గెడ్‌కి లోకం పిలిచే పేరు డేగ. అసలు పేరు వాడికి 13వ ఏట, చల్లటి నీళ్ళలోంచి నడిచి ఒడ్డుకి వస్తుంటే గురువు చెవిలో చెబుతాడు.

ఇది పిల్లలకి ఎలా ఎక్కించాలా అని రాత్రంతా ఆలోచించుకుని వెళ్ళాను. అవసరమే రాలేదు. ఇలా చెప్పానో లేదో వెనక బెంచీ పిల్లాడు లేచి, "సార్, అందుకే మా నాయనమ్మ రాత్రిపూట పాము అనదు, పురుగు అంటది" అన్నాడు. పాము కరిస్తే మన ఊళ్ళల్లో పురుగు ముట్టిందనే అంటారు కదా. ఇంకో అమ్మాయి, వాళ్ళ తాతకి ముందు ముగ్గురు పుట్టి పోయారని, ఈయన్నన్నా చావు వదిలేయాలని పెంటయ్య అని పెట్టారని చెప్పింది. ఇంకొకామె వాళ్ళ అమ్మమ్మ తన భర్త పేరు ఎప్పుడూ నోటితో అనదట, రేషన్ కార్డు దగ్గర ఆఫీసులో అడిగితే పక్కింటామెతో చెప్పించిందట. గంట మోగింది, ఒక్కరూ లేవలేదు.

అమెరికాలో కూర్చుని ఎవరో రాసిన పుస్తకం మా పిల్లల ఇంటి మాటల్ని బయటికి తీసింది. నిక్కచ్చి అన్నా, మీవాడు లేని దేశం మ్యాపు చూస్తున్నాడని బాధపడ్డారు. నేను మా పిల్లల్ని అదే పని చేయమన్నాను. ఎర్త్‌సీ అంతా దీవులే, మొదటి పేజీల్లోనే మ్యాపు ఉంటుంది. దాన్ని చూసి మీ మండలం మ్యాపు గీయండి, చెరువులు, గుట్టలు, దర్గా, ఊరడమ్మ గుడి, ఏ గుట్టకి ఏ కథ ఉందో ఇంట్లో అడిగి రాయండి అన్నాను. 31 మంది గీసి తెచ్చారు. మా స్టాఫ్ రూమ్ గోడకి ఇప్పటికీ ఉన్నాయి.

పెర్సీ జాక్సన్ గురించీ ఒక మాట. అది రాసిన రిక్ రియోర్డన్ చాలా ఏళ్ళు బడిపంతులే. ఆయన కొడుక్కి అక్షరాలు సరిగ్గా పట్టుబడని ఇబ్బంది, కుదురుగా కూర్చోలేని ఇబ్బంది రెండూ ఉన్నాయి. పిల్లాడికి గ్రీకు కథలంటే ఇష్టమని రాత్రుళ్ళు పడుకునేముందు చెబుతూ, ఉన్న కథలన్నీ అయిపోయాక, అలాంటి ఇబ్బందులే ఉన్న పిల్లాణ్ణి వీరుడిగా పెట్టి కొత్త కథ కట్టాడు. 2005లో అదే మొదటి పుస్తకం. అందులో పెర్సీకి పేజీ మీద అక్షరాలు ఈదుతున్నట్టు కనబడతాయి. ఈ ముక్క చదివిన రోజు మా క్లాసులో ఒక పిల్లాడు, నేను మూడేళ్ళుగా సోమరి అనుకున్నవాడు, బయట వరండాలో నా దగ్గరికి వచ్చి మెల్లగా "సార్, నాకూ అంతే" అన్నాడు. నేను ఆ మాట ముందే అడిగి తెలుసుకోవలసింది. తర్వాత వాడి పరీక్షలకి ఎక్కువ సమయం ఇప్పించాం.


తోకలేనిచుక్క (గుంటూరు)
ఆదివారం రాత్రి 10:30

నమస్తే అంకుల్స్, ఆంటీస్. నాకు 16, ఇంటర్ ఫస్టియర్. ఇక్కడ అందరూ మా గురించి మాట్లాడుతున్నారు కదా, నేను కూడా చెప్పొచ్చా?

మువ్వలసవ్వడి ఆంటీ, మీ పాప "నీకు తెలీదులే" అంది కోపంతో కాదు. చెప్పాలంటే కథ మొత్తం చెప్పాలి, అంతసేపు ఎవరూ వినరు అనుకుని ఉంటుంది. నేనూ అలాగే అంటాను.

నాకు ఈ పుస్తకాలు ఎందుకు ఇష్టమంటే, వాటిలో నా వయసు వాళ్ళని ఎవరో ఒకరు సీరియస్‌గా అడుగుతారు, నువ్వేం చేస్తావు అని. తప్పు చేస్తే నిజంగా నష్టం జరుగుతుంది. బయట మమ్మల్ని ఎవరూ ఏదీ అడగరు. ఎంపీసీనా బైపీసీనా అన్నది కూడా మా ఇంట్లో నేను నిద్రపోతున్నప్పుడు డిసైడ్ అయింది.

ఫిలిప్ పుల్‌మన్ రాసిన మూడు పుస్తకాలు నాకు ప్రాణం. మొదటిది 'నార్తర్న్ లైట్స్', 1995. అందులో ప్రతి మనిషి ఆత్మా బయటే ఒక జంతువులా పక్కనే ఉంటుంది. చిన్నపిల్లలకి అది రూపాలు మారుస్తూ ఉంటుంది, ఒక నిమిషం చిమ్మట, ఒక నిమిషం పిల్లి. పెద్దయ్యేటప్పుడు ఒక రూపంలో ఆగిపోతుంది, ఇక మారదు. హాస్టల్‌లో చదివాను ఇది. మా అందరికీ అది ఆగకముందే ఎవరో పట్టుకుని ఆపేస్తున్నట్టు అనిపించి చాలా ఏడ్చాను. రెండో భాగం సగంలో ఉండగా వార్డెన్ తీసేసుకున్నారు, సెలవులకి వెళ్ళేటప్పుడు ఇస్తామన్నారు, ఇవ్వలేదు. అడిగితే కనిపించడం లేదన్నారు. అది మా అన్నయ్య మొదటి జీతంతో కొన్న పుస్తకం. నాకు ఇప్పటికీ ఆ కోపం పోలేదు.

మార్కుల గురించి: నేను చదివినా తగ్గాయి, చదవకపోయినా తగ్గాయి. నిద్ర లేకపోతే మాత్రం తప్పకుండా తగ్గుతాయి ఆంటీ. పుస్తకం ఆపకండి, పదకొండుకి లైట్ ఆపించండి. కానీ చివరి 11 పేజీల్లో ఉన్నప్పుడు మాత్రం ఆపించకండి, ప్లీజ్. ఎలాగూ నిద్ర పట్టదు.


అటకమీదిపెట్టె (తెనాలి)
సోమవారం ఉదయం 6:10

అమ్మాయీ, నీ పుస్తకం సంగతి చదివి మనసు బాధపడింది. గుంటూరు మాకు ఎంతో దూరం కాదు. ఆ రెండో భాగం పేరు ఇక్కడ రాయి. వచ్చే ఆదివారం విజయవాడ వెళ్తున్నాను, పాత పుస్తకాల షాపుల్లో వెతుకుతాను.


తోకలేనిచుక్క (గుంటూరు)
సోమవారం సాయంత్రం 5:48

'ది సటిల్ నైఫ్' తాతగారూ. థాంక్యూ. నిజంగా.


నిక్కచ్చి (హైదరాబాద్)
సోమవారం రాత్రి 9:20

బడిగంట గారి పోస్టు రెండుసార్లు చదివాను. పాము, పురుగు మాట మా అమ్మ కూడా అనేది. మావాడికి నేనెప్పుడూ చెప్పలేదు. వాడికి ఏం తెలీదని బాధపడ్డాను కానీ నేను వాడికి ఏం చెప్పానన్నది ఆలోచించలేదు.

అయినా ఒక మాట మీద నిలబడతాను. ఇవన్నీ ఇంగ్లీషులో ఎందుకుండాలి? మా పిల్లలకి తెలుగు చదవడం రాకపోవడానికి, తెలుగులో 13 ఏళ్ళ వాళ్ళకి ఇలాంటివి లేకపోవడానికి సంబంధం లేదంటారా? హ్యారీ పాటర్ మొదటి భాగం పరుసవేది అని తెలుగులో వచ్చింది, ఒక కాపీ సంపాదించి పెట్టాను. మావాడు ముట్టలేదు, అప్పటికే ఇంగ్లీషులో అయిపోయింది. ముందు తెలుగులో దొరికి ఉంటే ఏమయ్యేదో!


నీడవెంట (విశాఖపట్నం)
సోమవారం రాత్రి 10:05

సంబంధం ఉందండి, పూర్తిగా ఉంది. ఇందులో మీతో నాకు పేచీ లేదు. చందమామ సీరియళ్ళలో వీరుడు మొదటి పేజీలో ఎలా ఉంటాడో చివరి పేజీలోనూ అలాగే ఉంటాడు, ధైర్యవంతుడు, మంచివాడు. పదేళ్ళ పిల్లలకి అది చాలు. 13 దాటాక కావలసింది మారే మనిషి, సిగ్గుపడే మనిషి, తనని తాను చూసి భయపడే మనిషి. మన జానపదం ఆ మెట్టు ఎక్కకముందే ఆగిపోయింది. ఇంగ్లీషులో మాంత్రికుల కథ ఎక్కింది. నాకు ఇందులో ఉన్న దిగులు అదే. మన దగ్గర సరుకు లేక కాదు. పురుగు అనే ఒక్క మాటలో ఒక నవల ఉంది.


కందిపొడి (న్యూజెర్సీ)
మంగళవారం ఉదయం 7:30

మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, తెలుగు వింటాడు, మాట్లాడడు. 'ఆరూ షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్' అని రోషనీ చోక్షీ రాసిన నవల 2018లో వచ్చింది. పాండవుల అంశతో ఈ కాలంలో పుట్టిన ఆడపిల్లల కథ. లైబ్రరీలో తీసుకుని చదివాక, వాడు మొదటిసారి వాళ్ళ నానమ్మకి తనే వీడియో కాల్ చేసి ఉర్వశి ఎవరు, ఐరావతం ఎవరు అని అడిగాడు. ఆవిడ ముప్పావుగంట చెప్పింది, తెలుగులోనే. వాడికి సగం అర్థమై ఉంటుంది, ఫోన్ మాత్రం పెట్టేయలేదు.

మీ పాపకి పెర్సీ నచ్చింది కాబట్టి ఇది కూడా నచ్చుతుంది. కాకపోతే పదేళ్ళ పిల్లలకి ఇంకా బాగా సరిపోతుంది.

టెర్రీ ప్రాచెట్ రాసిన టిఫనీ పుస్తకాలు కూడా ఇవ్వండి, 'ది వీ ఫ్రీ మెన్' (2003) మొదటిది. తొమ్మిదేళ్ళ పిల్ల, గొర్రెలు కాసే ఇల్లు, చేతిలో పెనం పట్టుకుని మాయలోకపు రాణి మీదికి వెళ్తుంది. ఐదు పుస్తకాల్లో మెల్లగా పెరుగుతుంది. తర్వాతి భాగాల్లో మంత్రగత్తె ఉద్యోగమంటే ఊళ్ళో దిక్కులేని ముసలివాళ్ళ కాలిగోళ్ళు తీయడం, పురుళ్ళు పోయడం, రాత్రి శవం దగ్గర కూర్చోవడం. నేను నర్సుని. 'మంత్రం వేయడం తేలిక, వేయకుండా మనిషి పక్కన ఉండడమే కష్టం' అన్నట్టు సాగుతుంది ఆ కథ. నైట్ డ్యూటీ బ్రేకులో చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.


మువ్వలసవ్వడి (రాజమండ్రి)
మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:50

ఆలస్యంగా రాస్తున్నాను, అందరూ మన్నించాలి. మీరు ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు.

పదకొండుకి లైటు ఆపడం అమల్లో పెట్టాం. చివరి 11 పేజీల మినహాయింపు చెబితే మా పాప "ఆ అక్క ఎవరమ్మా" అని అడిగింది. లెక్కల్లో ఈసారి 19.

ఎర్త్‌సీ తెప్పించాను. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. మొదటి వారం రోజుకి నాలుగు పేజీలు. బడిగంట గారు చేసినట్టు బయటికి చదివి తెలుగులో చెప్పుకుంటేనే నాకు ఎక్కుతోంది. అలా చదువుతుంటే పాప వచ్చి పక్కన కూర్చుంది, దీనికి ఇది తెలీని పుస్తకం. నాకు రాని మాట అది చెబుతోంది, దానికి నోరు తిరగని చోట నేను తెలుగులో చెబుతున్నాను. గెడ్ కొండ ఎక్కే చోట పాప నా చెయ్యి పట్టుకుంది. ఏడాదిగా అది నా చెయ్యి పట్టుకోలేదు.

అత్తయ్యగారు మొదట్లో వరండాలో ఉండేవారు. తర్వాత గుమ్మం దగ్గరికి వచ్చారు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. ఆ పేర్ల సంగతి వచ్చింది, పైపేరు, లోపలి పేరు. నేను పాము, పురుగు మాట చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు పక్కన పెట్టి, "నాకూ వేరే పేరు ఉండేదే" అన్నారు పాపతో. పెళ్ళి కుదిరినప్పుడు వాళ్ళ అత్తగారిదీ అదే పేరని, కోడల్ని ఆ పేరుతో పిలవకూడదని, పీటల మీదే పేరు మార్చేశారట. ఆవిడకి అప్పుడు 15. ఇప్పుడు 71. పుట్టింటివాళ్ళు ఉన్నన్నాళ్ళూ వాళ్ళు పిలిచేవారు, వాళ్ళ తమ్ముడు పోయాక ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరట.

నాకు పెళ్ళయి 16 ఏళ్ళు. ఈ సంగతి నాకు తెలీదు. మావారికీ తెలీదు.

పాప ఏ పేరు అని అడిగితే దాని చెవిలో చెప్పారు. ఆ పేరు ఇక్కడ రాయను, వాళ్ళిద్దరిదీ అది. నాకూ ఇంకా చెప్పలేదు.


బడిగంట (నల్గొండ జిల్లా)
ఆదివారం రాత్రి 10:02

అక్కా, ఇది శనివారం మా పిల్లలకి చెప్పొచ్చా? ఊరు, వివరాలు ఏమీ చెప్పను.


మువ్వలసవ్వడి (రాజమండ్రి)
ఆదివారం రాత్రి 10:06

తప్పకుండా తమ్ముడూ. అత్తయ్యగారిని అడిగాను, చెప్పమన్నారు.


నీడవెంట (విశాఖపట్నం)
ఆదివారం రాత్రి 10:31

మువ్వలసవ్వడి గారూ, ఇది చదివి పది నిమిషాలు ఏమీ రాయలేకపోయాను. ఎర్త్‌సీ రెండో పుస్తకం మీకు తెలుసో లేదో. 'ది టూంబ్స్ ఆఫ్ ఆటువాన్'. అందులో ఒక చిన్నపిల్లని ఇంటినుంచి తీసుకుపోయి గుడికి పూజారిణిని చేస్తారు. మొదటగా ఆ పిల్ల దగ్గర తీసేసేది పేరే. టెనార్ అనే పిల్లని ఆర్హా అంటారు, మింగేయబడినది అని అర్థం. తన పేరు ఒకప్పుడు ఏమిటో తనకే గుర్తుండదు. మిగతాది చెప్పను.

మొదటిది అయ్యాక అదే చదవండి. మీ ముగ్గురూ కలిసి.


మువ్వలసవ్వడి (రాజమండ్రి)
ఆదివారం రాత్రి 10:44

ఇప్పుడే ఆర్డర్ పెట్టాను. గురువారం వస్తుందట. ఇంకా మొదటిదే 60 పేజీలు ఉంది. అత్తయ్యగారు రేపటినుంచి సీరియల్ టైముకి కాకుండా కాస్త ముందే మొదలుపెట్టమంటున్నారు.